పేటలో నీళ్ళు, ప్లానులో గీతలు: ఒక డెల్టా పట్టణపు డ్రైనేజీ కేసు

గోదావరి డెల్టాలో లక్షలోపు జనాభా ఉన్న ఒక మున్సిపాలిటీ. అందులో పల్లాన ఉన్న ఒక పేట ముంపు, మున్సిపాలిటీ వేసిన డ్రైనేజీ ప్లాను, పేటవాళ్ళతో కలిసి కొలతలు తీసి ఆ ప్లానును కొంత మార్పించిన మా పని: ఈ కేసు అదే. ఊరి పేరు, వార్డు నంబరు, ఏడాది ఇక్కడ రాయడం లేదు. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాం, కొలతలు ఒకటి రెండు చోట్ల కొద్దిగా మార్చాం. కొలతకీ కొలతకీ మధ్య ఉన్న సంబంధం మాత్రం మారలేదు. ఈ కేసులో పాఠమంతా ఆ సంబంధంలోనే ఉంది.

నేపథ్యం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ డెల్టా ఒకే పద్ధతిలో నడుస్తోంది. పంట కాలువ మెరక మీద పోతుంది, మురుగు కాలువ పల్లంలో పోతుంది. కాలువ నీళ్ళు గట్టు దిగి చేలోకి, చేను వదిలిన నీళ్ళు మురుగు కాలువలోకి. ఈ రెంటి మధ్యా ఎవరి ఇల్లు ఎక్కడన్నది ఇంజినీర్లు తేల్చలేదు, డబ్బూ కులమూ తేల్చాయి. ఈ పట్టణంలో బజారు, పాత వీధులు, గుడి, కోర్టు మెరక మీద ఉన్నాయి. పేట మాత్రం పంట కాలువ గట్టుకూ మీడియం డ్రైనుకూ (మధ్యతరహా మురుగు కాలువకూ) మధ్య, మెయిన్ రోడ్డుకు దిగువన ఉంది.

పేటలో ఎక్కువ ఎస్సీ కుటుంబాలు, కొన్ని చేపల పని చేసే కుటుంబాలు, నలభై దాకా అద్దె ఇళ్ళు. మగవాళ్ళు తాపీ పనికి, ఆటోలకు పోతారు. ఆడవాళ్ళలో సగం మంది రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే పనికి పోతారు. కంపెనీ బస్సు తెల్లవారుజామున అయిదున్నరకే వచ్చేస్తుంది. ఇంటింటికీ తిరిగి లెక్కపెడితే 212 ఇళ్ళు తేలాయి. మున్సిపాలిటీ ఇంటి పన్ను రికార్డులో ఉన్న అసెస్‌మెంట్లు (పన్ను నంబర్లు) 138. మిగతా 74 ఇళ్ళు కొన్ని పోరంబోకు మీదివి, కొన్ని ఒకే నంబరు కింద రెండు మూడు వాటాలైనవి. డ్రైను గట్టు అంచున 11 ఇళ్ళు ఉన్నాయి.

ఈ పరిస్థితిలో వరద నీటి డ్రైన్లు, సీసీ రోడ్ల పథకం ఒకటి వచ్చింది. ప్లాను ఇదీ: మెయిన్ రోడ్డు వెంబడి కొత్త ఆర్‌సీసీ డ్రైను కట్టి, బజారుతో పాటు ఎగువ రెండు వార్డుల నీళ్ళు అందులోకి మళ్ళించి, పేటలో ఇప్పుడున్న సైడు కాలువ గుండా మీడియం డ్రైనులో కలపాలి. పేట వీధుల్లో పాత సీసీ మీద కొత్త సీసీ వేయాలి. పేట చివరి గుంట పూడ్చి కమ్యూనిటీ హాలు కట్టాలి. డ్రైను గట్టు మీద 11 ఇళ్ళు 'అడ్డంకులు' అనే పట్టికలో ఉన్నాయి.

పేట అడిగిందేమిటి

జనం అడిగింది రోడ్డు. రెండో మాట లేకుండా రోడ్డే. 'నీళ్ళు నిలుస్తున్నాయండి, రోడ్డు వేయించండి' అని ముగ్గురు కౌన్సిలర్ల హయాంలో ఇచ్చిన అర్జీలన్నింటిలోనూ ఇదే ఉంది.

ఇక్కడ తొందరపడితే రెండు రకాలుగా తప్పు జరుగుతుంది. జనం అడిగారు కదా అని రోడ్డుకు తలూపడం ఒకటి. 'మీకు కావలసింది రోడ్డు కాదు, డ్రైనేజీ' అని పాఠం చెప్పడం రెండోది. మేం ఒకే ప్రశ్న అడిగాం: రోడ్డు ఎంత ఎత్తున వేయాలి? ఆ ప్రశ్న ఇంటింటికీ వేరే జవాబు తెచ్చింది. మెరక చేసుకుని కట్టుకున్నవాళ్ళు ఎంతైనా ఫరవాలేదన్నారు. పాత కాలనీ ఇళ్ళవాళ్ళు గుమ్మం కేసి చూసి ఊరుకున్నారు. ఆ ఇళ్ళు కట్టినప్పుడు గచ్చు రోడ్డుకు అడుగున్నర ఎత్తున ఉండేది. తర్వాత గ్రావెల్, దాని మీద సీసీ, కొన్నేళ్ళకు దాని మీద ఇంకో సీసీ పడ్డాయి. ఇప్పుడు గచ్చు రోడ్డుకు నాలుగు వేళ్ళ ఎత్తు. ప్లానులో ఉన్న 20 సెంటీమీటర్లు కూడా పడితే 23 ఇళ్ళ గచ్చు రోడ్డు కిందికి పోతుంది. రోడ్డు కావాలని సంతకం పెట్టినవాళ్ళలో ఆ 23 ఇళ్ళవాళ్ళూ ఉన్నారు.

అధికారుల వైపు ఉన్న చిక్కు వేరు. డెల్టాలో ముంపు అనగానే గోదావరి వరద గుర్తొస్తుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులని ఇక్కడ బడిపిల్లలకూ తెలుసు. 1986 వరద, 2022 జూలై వరద పెట్టుకుని ముంపు జాబితాలు రాశారు. ఏటిగట్టు లోపల, నదికి దూరంగా ఉన్న ఈ పేట ఆ జాబితాలో లేదు. జాబితాలో లేదు కాబట్టి ముంపు లేదు. వాన నీటికి, మురుగు కాలువ ఎగదన్నే నీటికి హెచ్చరిక గీత ఎవరూ గీయలేదు.

ముందు ఏమేం జరిగాయి

మున్సిపాలిటీ తన వంతు సభ పెట్టింది. వారం మధ్యలో, పగలు పదకొండు గంటలకు, కల్యాణ మండపంలో. పేట నుంచి వచ్చినవాళ్ళు 46 మంది, అందులో ఆడవాళ్ళు తొమ్మిది మంది. గోడకు వేలాడదీసిన ప్లాను ఇంగ్లీషులో ఉంది. అందులో సర్వే నంబర్లే తప్ప గుడి, చర్చి, నూతి పేరు ఒక్కటీ లేదు. తమ వీధి ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగినవాళ్ళు ఇద్దరు, ఆ ఇద్దరూ తాపీ మేస్త్రీలే. చివరి వరసలోంచి ఒకామె లేచి 'నీళ్ళు పైనుంచి రావండి, ఎనకనించి ఎగదన్నుతాయి' అంది. ఈ కేసు మొత్తంలో అంత పనికొచ్చే సాంకేతిక సమాచారం ఇంకెవరూ చెప్పలేదు. మినిట్స్‌లో ఆ మాట లేదు. 'ప్రజలు హర్షం వ్యక్తం చేశారు' అని ఉంది.

తర్వాత సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చారు. ముంపు అని రాస్తే ఇంజినీరింగ్ విభాగం పూడిక అని చదువుకుంటుంది. మూడో రోజు ప్రొక్లెయినర్ వచ్చి సైడు కాలువ పూడిక తీసి పోయింది, ఫొటోలతో అర్జీ మూసేశారు. తర్వాతి వానకు నీళ్ళు ముందుకన్నా ఎక్కువ సేపు నిలిచాయి. ఎందుకో అప్పటికి ఎవరికీ తెలియలేదు.

మూడోది ఫోన్‌లో నింపే సర్వే. ఇంటి పన్ను నంబరు కొడితేనే ఫారం తెరుచుకుంటుంది. 74 ఇళ్ళు అక్కడే పోయాయి. 'డ్రైనేజీ సౌకర్యంతో మీరు సంతృప్తిగా ఉన్నారా' అనే ప్రశ్నకు అవును, కాదు అని జవాబు. కాదన్న శాతం తెలిసినంత మాత్రాన ఏ ఇంజినీరూ ఏ గీతా మార్చలేడు.

మేం చేసిన తప్పు కూడా రాయాలి. నేల మీద సుద్దతో, ముగ్గుతో పేట పటం వేయించాం. ఆదివారం సాయంత్రం, అందరినీ పిలిచి. పది నిమిషాల్లో పటం నలుగురు పెద్దమనుషుల చేతిలోకి పోయింది. చర్చి, రామాలయం, విగ్రహం, పెద్దవీధి చక్కగా వచ్చాయి. డ్రైను గట్టు సందు రాలేదు. అద్దెకున్నవాళ్ళు 'మాదేముందండీ, ఉంటే ఉంటాం, పోతే పోతాం' అని వెనక్కి జరిగారు. ఆ పటం పట్టుకుని మున్సిపాలిటీకి వెళ్ళి ఉంటే పేటలోని మెరక వాళ్ళ ప్లానే పేట ప్లాను అయ్యేది. పేట అంతా ఒకటే అనుకోవడం బయటివాళ్ళ భ్రమ. అందులోనూ మెరకా పల్లమూ ఉంటాయి.

ఈ పట్టణంలో వార్డు కమిటీలు లేవు. 1993 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ, 243ఎస్ అధికరణం కింద, మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట్లే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. అమలాపురం, నరసాపురం, తణుకు, భీమవరం లాంటి డెల్టా పట్టణాలు ఆ లెక్కకు అందవు. కాబట్టి 'వార్డు కమిటీ ద్వారా' అనే సలహా ఇక్కడ గాల్లో మాట. చేతిలో ఉన్నవి వార్డు సచివాలయం, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) డ్వాక్రా సంఘాలు, సమాచార హక్కు చట్టం, కౌన్సిల్ అజెండా. వీటితోనే పని జరగాలి.

సందు సందుకీ

రెండోసారి సభ మాట ఎత్తలేదు. పేటను 15 భాగాలు చేశాం, ఒక్కో దానికి 12 నుంచి 15 గడపలు. రాత్రి ఏడున్నర తర్వాత, ఏదో ఒక ఇంటి అరుగు మీద. ఆడవాళ్ళతో ఒక పూట, మగవాళ్ళతో ఇంకో పూట. పిలిచింది సంఘాల ఆర్‌పీలు (రిసోర్స్ పర్సన్లు). మొదట పిలిచింది డ్రైను గట్టు సందును, చివర పిలిచింది పెద్దవీధిని. ఈ వరస కావాలని పెట్టిందే. మొదట మాట్లాడినవాళ్ళ సమస్య పేరే అందరి సమస్యకూ పేరవుతుంది.

అడిగినవి మూడే. నీళ్ళు మీ ఇంట్లో ఎంత దాకా వచ్చాయి? ఎటు నుంచి వచ్చాయి? ఎన్ని పూటలు ఉన్నాయి? మొదటి దానికి జవాబు నోటితో కాదు, గోడ మీద చూపించాలి. తలుపు చట్రం మీద బురద గీత, బీరువా కాళ్ళ కింద పెట్టిన ఇటుకలు, మీటరు బోర్డు కింద చెమ్మ. చూపించిన చోట రంగు సుద్దతో గీత గీశాం.

ఇక్కడ ఒక జాగ్రత్త పాటించకపోతే మిగతా అంతా వృథా. అందరూ ఒకే వానకు చెందిన గీతే చూపించాలి. 'పెద్ద వాన' అంటే ఒకరికి మొన్నటిది, ఇంకొకరికి పదేళ్ళ కిందటిది. అందుకని రెండేళ్ళ కిందటి కార్తీక మాసపు తుఫాను వాన ఒక్కటే పట్టుకున్నాం. ఆ రోజు పేటలో ఒక పెళ్ళి ఆగిపోయింది, అందరికీ గుర్తుంది. 79 ఇళ్ళలో గీతలు దొరికాయి. పక్కింటివాళ్ళు ఒప్పుకోనివి, వేరే వానవి 18 తీసేశాం. మిగిలినవి 61.

పైపుతో లెవల్

గీతలు ఇంటి గచ్చు నుంచి కొలిస్తే ఏమీ తెలియదు, ఒక్కో గచ్చు ఒక్కో ఎత్తు. అన్నింటినీ ఒకే మట్టానికి తేవాలి. ఎత్తులు కొలిచే సర్వే పరికరం, ఆటో లెవల్, అద్దెకు తేవచ్చు. కావాలనే తేలేదు. త్రిపాదం మీది గాజు కన్ను ఏం చెప్పిందో పేటవాళ్ళు చూడలేరు. తాపీ మేస్త్రీ లెవల్ పైపు వాళ్ళకు రోజూ అన్నం పెట్టే సామాను. అందులో నీళ్ళు ఎక్కడ నిలిచాయో పిల్లలు కూడా చూసి చెప్పగలరు.

20 మీటర్ల పారదర్శక పైపు, పది మిల్లీమీటర్ల లోపలి వ్యాసం. ఒక చివర పైకెత్తి మెల్లగా నీళ్ళు పోసి, రెండో చివర నుంచి బుడగలన్నీ పోయేదాకా వదలాలి. నీలిమందు చిటికెడు కలిపితే గీత బాగా కనిపిస్తుంది. రెండు కర్రలకు టేపు అంటించి, పైపు రెండు చివరలూ వాటి పక్కన పట్టుకుని, మూతిమీది వేళ్ళు రెండు వైపులా ఒకేసారి తీయాలి. నీళ్ళు ఊగడం ఆగాక చదవాలి. ఒకరు చదివితే రెండోవారు చదివి చూడాలి, మూడోవారు రాయాలి. మొదలు బిందువు సైడు కాలువ చివరి కల్వర్టు పిట్టగోడ మూల. అక్కడ ఎర్ర రంగుతో చుక్క పెట్టి దాని ఎత్తు 10 మీటర్లు అనుకున్నాం. ఏ అంకె అయినా ఫరవాలేదు, అందరూ అదే వాడాలి.

మొదటి రోజు మధ్యాహ్నం చేశాం. కల్వర్టు నుంచి మొదలుపెట్టి పేట పై చివరికి వెళ్ళి మళ్ళీ కల్వర్టుకు వచ్చేసరికి లెక్క అయిదు సెంటీమీటర్లు తప్పింది. కారణాలు రెండు: ఎక్కడో బుడగ దూరింది, పైపు సగం ఎండలో సగం నీడలో ఉంది. వేడెక్కిన నీళ్ళు తేలికవుతాయి, ఆ వైపు మట్టం కాస్త లేస్తుంది. ఇంకో ఊళ్ళో అయిదు సెంటీమీటర్లు లెక్కలోకి రాకపోవచ్చు. పేట సైడు కాలువ పొడవు 330 మీటర్లు. 1500కి 1 వాలు (1500 మీటర్ల పొడవుకు ఒక మీటరు పల్లం) అంటే మొదటి నుంచి చివరిదాకా పడేది 22 సెంటీమీటర్లు. నీరు పల్లమెరుగు అంటారు, డెల్టాలో ఆ పల్లం మొత్తం జానెడు. అందులో అయిదు తప్పితే మిగిలేదేముంది? మర్నాడు పొద్దున్నే ఆరింటికి మళ్ళీ చేశాం. వెళ్ళడానికి పైపు పదిహేడు సార్లు జరిపాం, రావడానికి పదిహేడు. తేడా తొమ్మిది మిల్లీమీటర్లు. ఆ లెక్క ఉంచుకున్నాం.

రెండు సంగతులు బయటపడ్డాయి.

సైడు కాలువ చివర మీడియం డ్రైనులోకి దిగే చోట ఉన్న కల్వర్టు గచ్చు, దాని ముందున్న కాలువ అడుగు కన్నా 24 సెంటీమీటర్లు ఎత్తున ఉంది. కల్వర్టు కట్టినప్పుడు కాలువలో పూడిక ఉంది. పూడిక తీయకుండా దాని మీదే గచ్చు పోశారు. అంటే అది కల్వర్టు కాదు, అడ్డుకట్ట. 22 వాలున్న కాలువకు చివర 24 అడ్డం. వాన లేకపోయినా కాలువ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండి నిలుస్తుంది. ప్రొక్లెయినర్ పూడిక తీసిన కొద్దీ గోతి లోతవుతుందే తప్ప నీళ్ళు పోవు. పూడిక తీశాక ముంపు ఎందుకు పెరిగిందో అప్పుడు అర్థమైంది.

రెండోది గోడల మీది గీతలు చెప్పింది. 61 గీతలూ ఒకే మట్టానికి తెస్తే అన్నీ ఆరు సెంటీమీటర్ల తేడాలో ఉన్నాయి. నీళ్ళు ఎగువ నుంచి పారి ముంచి ఉంటే గీతలు కూడా వాలుగా ఉండాలి. సమంగా ఉన్నాయంటే అవి పారే నీళ్ళు కావు, నిలిచిన నీళ్ళు. ఆ మట్టం మీడియం డ్రైను వంతెన స్తంభం మీద అదే వాన వదిలిన గీతతో కలిసింది. సభలో చివరి వరసామె చెప్పింది అక్షరాలా నిజం. తుఫాను వానలో నీళ్ళు వెనక నుంచి ఎగదన్నుతున్నాయి.

కాబట్టి జబ్బులు రెండు. మామూలు వానకు కల్వర్టు, తుఫాను వానకు ఎగదన్ను. కల్వర్టు ఒక్కటీ దించితే మామూలు వానకు సుఖం, తుఫానుకు మీడియం డ్రైనుకు తలుపు బార్లా తీసినట్టు. ఈ తేడా తేలకుండా ఏ డిమాండు పెట్టినా పేటకే ఎదురు తిరిగేది.

ఆఫీసులో

ఎస్టిమేటు చూడటానికి సమాచార హక్కు చట్టం వాడాం. చాలామంది జిరాక్సులు అడిగి 30 రోజులు ఎదురుచూస్తారు. ఆ చట్టంలో సమాచార హక్కు అంటే పనులను, ఫైళ్ళను స్వయంగా పరిశీలించడం, నోట్సు రాసుకోవడం కూడా. దారిద్ర్యరేఖ దిగువనున్నవాళ్ళకు ఫీజు లేదు, కాబట్టి దరఖాస్తు పేట మహిళల పేరు మీదే పెట్టించాం. డ్రైను నిలువు కోత డ్రాయింగు చూస్తే కల్వర్టు గచ్చు లెవల్ గడిలో పక్క గడి అంకె నుంచి వాలు లెక్కకట్టి వేసిన సంఖ్య ఉంది. అక్కడ కొలత కర్ర (స్టాఫ్) పెట్టి చూసినవాళ్ళు లేరు.

దీన్ని పట్టుకుని పేపరుకు ఎక్కించవచ్చు. ఎక్కించలేదు. సాంకేతిక మంజూరు (ఎస్టిమేటుకు పై ఇంజినీర్ల ఆమోదం) ఇంకా కాలేదు. ఇంజినీరు గీత మార్చడానికి వీలున్న కాలం అదొక్కటే. పరువు పోయిన ఇంజినీరు అంకె సమర్థించుకుంటాడు, అంకె మార్చడు. మేం అడిగింది ఒక్కటే: మా పైపు లెక్క సరో కాదో మీ ఆటో లెవల్‌తో చూసి చెప్పండి. జనం కొలత సాక్ష్యమని వాదించే ముందు ప్రశ్నగా నిలబడితే చాలు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చాడు, పెట్టి చూశాడు. కల్వర్టు దగ్గర 23.5 వచ్చింది. పైపు పట్టుకున్న మేస్త్రీ నవ్వలేదు, పక్కనున్న పిల్లలు నవ్వారు.

బజారు నీళ్ళ సంగతి ఇంత సాఫీగా జరగలేదు. ఆ నీళ్ళు పేటలోంచి కాకుండా మెయిన్ రోడ్డు వెంబడే దిగువ వంతెన దాకా తీసుకెళ్ళి కలపొచ్చు కదా అంటే 'గ్రేడియెంట్ రాదు' అన్నారు. కొలిస్తే 560 మీటర్లలో 38 సెంటీమీటర్లు వచ్చింది, దాదాపు 1500కి 1, అంటే పేట కాలువకు ఉన్న వాలే. అప్పుడు అసలు కారణం బయటికొచ్చింది. ఆ వైపు రోడ్డు మార్జిన్‌లో షాపుల మెట్లు, రేకుల షెడ్లు ఉన్నాయి. ప్లానులో పేట ఇళ్ళు 'అడ్డంకులు', షాపుల మెట్లు మాత్రం 'స్థానిక పరిస్థితులు'. ఈ రెండు మాటలూ ఒకే ఫైల్లో పక్క పక్క పేజీల్లో ఉన్నాయి. వాటిని పెద్దక్షరాల్లో రాయించి కౌన్సిల్ సమావేశానికి ముందు అన్ని పార్టీల సభ్యులకూ ఇచ్చాం. వ్యాఖ్య రాయలేదు.

గుంట విషయంలో జాగ్రత్త ఎక్కువ పట్టింది. పేట విస్తీర్ణం దాదాపు నాలుగు హెక్టార్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 ఘనమీటర్ల నీళ్ళు. నాలుగో వంతు ఇంకిపోయినా 1,500. కల్వర్టుకు ఎగదన్ను ఆపే తలుపు పెట్టామనుకుందాం. మీడియం డ్రైను నిండి తలుపు మూసుకున్నప్పుడు పేట వాన పేటలోనే ఉంటుంది. సెకనుకు 20 లీటర్లు తోడే డీజిల్ ఇంజను పెట్టినా గంటకు 72 ఘనమీటర్లే, మొత్తం తోడటానికి దగ్గర దగ్గర 21 గంటలు. అంతసేపు ఆ నీళ్ళు ఎక్కడుండాలి? గుంట 0.3 హెక్టారు. తుఫాను హెచ్చరిక రాగానే ముందుగా రెండడుగులు తోడేసి ఉంచితే 1,800 ఘనమీటర్లు పడతాయి. అంటే పూడ్చబోతున్న గుంటే పేట ప్రాణం.

గుంటల పూడిక మీద 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. దాన్ని లేఖలో పెట్టమని ఒక లాయరు సలహా ఇచ్చారు. పెట్టలేదు. ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయమన్న తీర్పు అది, గుంటను కాపాడినట్టే డ్రైను గట్టు మీది 11 ఇళ్ళనూ లేపగలదు. భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వ నోటిఫికేషన్ కింద లీజు ఉంటే మినహాయింపుకు అందులో చోటుంది, కానీ ఆ 11 ఇళ్ళ దగ్గర అలాంటి కాగితం లేదు. రెండంచుల కత్తి పట్టుకునేటప్పుడు రెండో అంచు ఎవరి వైపుందో చూసుకోవాలి. లీటర్ల లెక్క ఒక్కటే ఇచ్చాం, అది సరిపోయింది.

ఏం మారింది, ఏం మారలేదు

పనులు వేసవిలో పంట కాలువలకు నీళ్ళు కట్టేశాక (ఆపేశాక) మొదలయ్యాయి. అది చెప్పించుకోవలసి వచ్చింది. కాలువలో నీళ్ళుంటే ఊట వల్ల పేటలో మూడడుగులు తవ్వేసరికి గోతిలో నీళ్ళు. కట్టేసి ఉండే ఆ కొన్ని వారాలు దాటితే నాణ్యత గురించి మాట్లాడటం దండగ.

కల్వర్టు పగలగొట్టి గచ్చు దించి కట్టారు. మీడియం డ్రైను వైపు ఇనుప ఫ్లాప్ తలుపు పెట్టారు. లోపలి నీళ్ళు తోస్తే తెరుచుకుంటుంది, బయటి నీళ్ళు తోస్తే మూసుకుంటుంది. సీసీ రోడ్డు విషయంలో ఇంజినీర్ల అభ్యంతరం న్యాయమైనదే: పాతది పగలగొట్టి ఎత్తిపోయడానికి ఎస్టిమేటులో డబ్బు లేదు. పాత సీసీ గట్టిగా ఉన్న నాలుగు సందుల్లో కొత్త రోడ్డు వద్దని పేటే రాసిచ్చింది. మిగిలిన డబ్బుతో 23 ఇళ్ళున్న రెండు సందుల్లో పాతది తవ్వి పాత మట్టానికే వేశారు. రోడ్డు వద్దని రాసివ్వడానికి ఆ నాలుగు సందుల్లో మూడు రాత్రులు పట్టింది, ఒక సందులో ఇప్పటికీ ఆ కోపం ఉంది.

గట్టు మీది 11 ఇళ్ళు నిలిచాయి. ఏటవాలు గట్ల మట్టి కాలువ బదులు నిలువు గోడల ఆర్‌సీసీ పెట్టడంతో వెడల్పు తగ్గింది. నాలుగు ఇళ్ళకు మాత్రం వెనక స్నానాల గదులు పోయాయి. పట్టా లేదని పరిహారం ఇవ్వలేదు. ఆ నలుగురికీ మేం ముందే చెప్పి ఉండాల్సింది. 11 ఇళ్ళు దక్కాయన్న సంతోషంలో గదుల మాట డ్రాయింగు అయిపోయాక చూశాం.

బజారు నీళ్ళు రోడ్డు వెంబడి పోతున్నాయి, షాపుల మెట్లు రెండడుగులు తగ్గాయి. ఎగువ వార్డుల్లో ఒకదాని నీళ్ళు ఇంకా పేటలోంచే వస్తున్నాయి. కమ్యూనిటీ హాలు పోయింది. కుర్రాళ్ళకు అది పెళ్ళిళ్ళ అద్దె ఆదా, రాత్రి చదువుకునే చోటు. గుంట లెక్క ఒప్పుకున్నారు గానీ వేరే స్థలం చూపిస్తామన్న మాట ఫైల్లోనే ఉంది.

మళ్ళీ చేసేవాళ్ళకు

మొదట తెలుసుకోవలసింది ఎస్టిమేటు ఏ దశలో ఉందో. సాంకేతిక మంజూరు అయిపోయి టెండరు పిలిచాక ఎంత గొప్ప సభ పెట్టినా అది సమాచార సభే. ఆ దశలో చేరితే నేరుగా పని నాణ్యత మీద పడటం మేలు.

ఇంటి పన్ను జాబితాతో మొదలుపెట్టవద్దు. గడపలు లెక్కపెట్టండి. రెంటికీ మధ్య తేడా ఎంతో అదే ప్లాను ఎవరిని చూడటం లేదో చెబుతుంది.

అన్ని కొలతలూ పేటవాళ్ళ పుస్తకంలోనే ఉండాలి, మన ల్యాప్‌టాప్‌లో కాదు. ఇక్కడ 200 పేజీల రూళ్ళ పుస్తకం ఒక సంఘం లీడరు దగ్గర ఉంది. ఏఈ మారాడు, కమిషనరు మారాడు, పుస్తకం మారలేదు.

కల్వర్టు పక్కన స్తంభం మీద అడుగుల గీతలు వేయించాం. పసుపు గీత దాటితే గుంట తోడాలి, ఎర్ర గీత దాటితే పల్లపు సందుల్లో సామాను మంచాల మీదికి ఎక్కించాలి. పేటకు ఇది ధవళేశ్వరం గీతలాంటిదే. ఎత్తులు నిర్ణయించింది గోడల మీది 61 గీతలు.

తలుపుతో పని అయిపోదు. గుర్రపుడెక్క, తూటుకాడ, కవర్లు అడ్డుపడితే తలుపు బెత్తెడు తెరుచుకుని ఉండిపోతుంది. అప్పుడు లేనిదాంతో సమానం. ముందు జాలీ పెట్టించాం, వానాకాలంలో వారానికి రెండుసార్లు ఏరాలి. ఏరేది పారిశుద్ధ్య కార్మికులు, ఏరారో లేదో చూసి పుస్తకంలో రాసేది సంఘం. రెండో ఏడు బందులు తుప్పు పట్టాయి. గ్రీజుకూ బోల్టులకూ మున్సిపల్ బడ్జెట్‌లో పద్దు లేదు, తలుపు ఆస్తుల రిజిస్టరులో ఎక్కలేదు కాబట్టి. రిజిస్టరులో ఎక్కించమని పెట్టిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు. గ్రీజు మాత్రం ఒక ఆటో డ్రైవరు షెడ్డు నుంచి తెచ్చి పూస్తున్నాడు, జూన్‌లో ఒకసారి, దసరా ముందు ఒకసారి.